లైప్‌జిగ్‌లో కాన్ఫరెన్స్‌కి వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మనీ తూర్పు భాగాన, సాక్సనీ రాష్ట్రంలో ఉన్న లైప్‌జిగ్ పాత సంతల ఊరు. 1165 నాటికే ఇక్కడ సంత హక్కు ఉంది. ఇప్పుడు సంతల బదులు ట్రేడ్ ఫెయిర్లు, మెడికల్ కాంగ్రెస్‌లు, సైన్స్ సదస్సులు జరుగుతుంటాయి. పేపరు చదవడానికో, స్టాల్ పెట్టడానికో తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవాళ్లకు ఎదురయ్యే సందేహాలకు ఇవీ జవాబులు. టికెట్ ధరలూ టైమింగులూ మారుతుంటాయి, బయల్దేరే వారంలో ఒకసారి సరిచూసుకోండి.

ఏ వీసా కావాలి? ఎన్నాళ్ల ముందు అప్లై చేయాలి?

షెంగెన్ స్వల్పకాలిక వీసా, అంటే టైప్ సి. షెంగెన్ అంటే ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల కూటమి. ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండకూడదు. పెద్దవాళ్లకు ఫీజు 2024 జూన్ 11 నుంచి 90 యూరోలు, దరఖాస్తులు తీసుకునే ఏజెన్సీ వీఎఫ్‌ఎస్ సర్వీసు చార్జీ దానికి అదనం. హైదరాబాద్ వీఎఫ్‌ఎస్ సెంటర్‌లో దరఖాస్తు ఇవ్వొచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. ఈ 15 రోజుల మాట నమ్ముకుని కూర్చుంటే మునిగినట్టే. ఆలస్యం ఎక్కువగా స్లాటు దొరకడం దగ్గరే అవుతుంది. మే నుంచి ఆగస్టు దాకా టూరిస్టులు, చదువులకు వెళ్లేవాళ్లు అందరూ ఒకేసారి వచ్చి పడతారు. పేపరు అంగీకరించినట్టు మెయిల్ వచ్చిన రోజే స్లాట్లు చూడటం మొదలుపెట్టండి.

కాగితాల్లో ఎక్కువగా తప్పు ఎక్కడ జరుగుతుంది?

పేరు దగ్గర. మన ఇంటిపేర్ల గొడవ ఇక్కడ బయటపడుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుతో సహా మొత్తం విడమరిచి ఉంటుంది, ఆహ్వాన పత్రంలో మాత్రం పేపరు మీద రాసుకునే తీరులో "కె.వి.ఎస్. రావు" అని వస్తుంది. ఆ ఇద్దరూ ఒకరేనని వీసా అధికారికి ఎలా తెలుస్తుంది? రిజిస్ట్రేషన్ ఫారంలోనే పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా రాయండి. బ్యాడ్జి మీద ఏ పేరు కావాలో చాలా ఫారాల్లో విడిగా అడుగుతారు, పొట్టిపేరు అక్కడ ఇవ్వండి.

రెండోది ఇన్సూరెన్స్. కనీసం 30,000 యూరోల కవరేజి ఉండాలి, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించాలి. సదస్సు మూడు రోజులే కదా అని మూడు రోజులకే తీసుకునేవాళ్లున్నారు. దిగిన రోజు నుంచి తిరుగు విమానం ఎక్కే రోజు దాకా ప్రతి రోజూ అందులో ఉండాలి.

పాస్‌పోర్టు గత పదేళ్లలో జారీ అయినదై ఉండాలి, తిరుగు ప్రయాణం తర్వాత ఇంకో మూడు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ఫొటో 35×45 మి.మీ. మిగతావి తెలిసినవే: ఆహ్వాన పత్రం, ఫీజు కట్టిన రసీదు, ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఐటీ రిటర్న్‌లు, హోటల్, విమానం బుకింగ్‌లు. ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో కవరింగ్ లెటర్‌లో ఒక్క వాక్యంలో తేల్చి చెప్పండి. ఆహ్వాన పత్రంలో "ఖర్చులు ప్రతినిధివే" అని, ఎన్‌ఓసీలో "ఖర్చులు నిర్వాహకులవి" అని ఉంటే అక్కడితో ఆగిపోతుంది.

సదస్సు తర్వాత ప్రాగ్, లండన్ చూసి రావచ్చా?

ప్రాగ్ షెంగెన్‌లోనే ఉంది కాబట్టి వెళ్లి రావచ్చు. లండన్ షెంగెన్‌లో లేదు. బ్రిటన్ వీసా వేరే కావాలి, పైగా సింగిల్ ఎంట్రీ వీసా మీద లండన్ వెళ్తే మళ్లీ జర్మనీలో అడుగు పెట్టలేరు. తిరుగు విమానం ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఉన్నవాళ్లు ఇది ముందే చూసుకోవాలి. వీసా స్టిక్కర్ మీద రెండు లెక్కలుంటాయి: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది ఒకటి, ఆ మధ్యలో ఎన్ని రోజులు అన్నది ఇంకొకటి. దిగిన రోజు, వెళ్లిపోయే రోజు రెండూ రోజుల కిందే లెక్క.

పచ్చళ్లు, పొడులు, స్వీట్లు తీసుకెళ్లొచ్చా?

ఆవకాయ, గోంగూర, కందిపొడి, కారప్పొడి ఫరవాలేదు. నూనె ఉన్న సీసా మాత్రం చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టాలి, మూత చుట్టూ టేపు వేసి రెండు కవర్లలో చుట్టాలి. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు సొంతానికి కూడా తీసుకురానివ్వరు. అంటే నెయ్యి, పాలపొడి, పనీర్, పాలకోవా ఇంట్లోనే ఉంచండి. చేపలకూ రొయ్యలకూ ఈ నిషేధం వర్తించదు కానీ, రొయ్యల పచ్చడితో పాటు చికెన్ పచ్చడి కూడా సర్దే అలవాటుంటే చికెన్ సీసా తీసేయండి. పచ్చి కాయలు, ఆకులకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. అది లేకుండా అనుమతించేవి అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, డురియన్ మాత్రమే. కరివేపాకు, మామిడికాయ ఈ జాబితాలో లేవు.

హైదరాబాద్ నుంచి ఏ దారిన వెళ్తే మంచిది?

హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి 2024 జనవరి నుంచి లుఫ్తాన్సా నేరుగా నడుపుతోంది. అక్కడి నుంచి రెండు దారులు: లైప్‌జిగ్/హాలె ఎయిర్‌పోర్టుకి చిన్న విమానం, లేదా ఎయిర్‌పోర్టు నుంచే ఐసీఈ అనే వేగవంతమైన దూరప్రయాణ రైలు. నేరుగా వెళ్లే రైలు మూడు, మూడున్నర గంటలు పడుతుంది. మా ఓటు రైలుకే. విమానంలో గాల్లో ఉండేది గంటే అయినా, మధ్యలో నిరీక్షణ కలుపుకుంటే పెద్ద తేడా ఉండదు. ఒకే టికెట్ మీద రెండు విమానాలూ ఉంటే మాత్రం ఒక లాభం ఉంది. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే ఇంకో దాంట్లో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. దోహా మీదుగా బెర్లిన్‌లో దిగడమూ మంచిదే. బెర్లిన్ సెంట్రల్ స్టేషన్ నుంచి లైప్‌జిగ్‌కి ఐసీఈలో గంటంపావు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగితే పాస్‌పోర్ట్ తనిఖీ అక్కడే జరుగుతుంది, లైప్‌జిగ్‌లో కాదు. 2025 అక్టోబర్ 12 నుంచి యూరప్ సరిహద్దుల్లో ఈఈఎస్ అనే కొత్త ఎలక్ట్రానిక్ నమోదు దశలవారీగా మొదలైంది. ముద్రకు బదులు మొదటిసారి వేలిముద్రలు, ఫొటో తీసుకుంటారు, క్యూ నెమ్మదిగా కదులుతుంది. ఆహ్వాన పత్రం, హోటల్ బుకింగ్, తిరుగు టికెట్ ప్రింట్లు చేతి సంచిలో ఉంచుకోండి. ఎందుకొచ్చారని అడిగితే ఫోన్‌లో వెతుక్కునే పని ఉండదు.

రైలు టికెట్ ముందే కొనాలా?

ఇక్కడే డబ్బు పోయేది. జర్మన్ రైల్వే టికెట్లలో చవకైనవి "సూపర్ ష్పార్‌ప్రైస్", "ష్పార్‌ప్రైస్". ఇవి టికెట్ మీద రాసిన ఆ ఒక్క ఐసీఈకే చెల్లుతాయి. విమానం ఆలస్యమైంది, ఇమిగ్రేషన్‌లో గంటన్నర నిలబడ్డాం అంటే రైల్వేకి సంబంధం లేదు, టికెట్ పోయినట్టే. "ఫ్లెక్స్‌ప్రైస్" ఖరీదు ఎక్కువే కానీ ఆ రోజు ఏ రైలైనా ఎక్కొచ్చు. విమానం దిగే రోజుకి ఫ్లెక్స్‌ప్రైస్, తిరిగి వచ్చే రోజుకి ష్పార్‌ప్రైస్ కొనడం తెలివైన పద్ధతి. చవక టికెట్టే కావాలంటే విమానం దిగే సమయానికీ రైలుకీ మధ్య మూడు గంటలైనా వదలండి.

ఆలస్యం రైల్వేదైతే లెక్క మారుతుంది. గమ్యానికి 20 నిమిషాలు, అంతకు మించి ఆలస్యమవుతుందని తేలితే చవక టికెట్ మీదున్న ఆ ఒక్క రైలు షరతు తొలగిపోతుంది, తర్వాతి రైలు ఎక్కొచ్చు. గంట ఆలస్యానికి చార్జీలో 25 శాతం, రెండు గంటలకు 50 శాతం తిరిగి అడగొచ్చు. జర్మన్ రైళ్లు గడియారంలా నడుస్తాయన్నది పాత మాట. సదస్సు ఉదయం తొమ్మిదికి అంటే ముందురోజే చేరండి.

టికెట్ కొన్నంత మాత్రాన సీటు ఉండదు. రిజర్వేషన్ విడిగా కొన్ని యూరోలు పెట్టి తీసుకోవాలి. శుక్ర, ఆదివారం సాయంత్రాలు తీసుకోకపోతే పెట్టె మీదే కూర్చుని ప్రయాణం.

ఇంకొకటి: ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో రెండు స్టేషన్లున్నాయి. ఐసీఈ ఆగేది "ఫెర్న్‌బాన్‌హోఫ్"లో. "రెగియోనాల్‌బాన్‌హోఫ్" లోకల్ రైళ్లది. బోర్డు మీద బాన్‌హోఫ్ అన్న మాట చూసి దిగిపోతే తప్పు ప్లాట్‌ఫారం మీద తేలతారు.

లైప్‌జిగ్ ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి?

ఎస్-బాన్ లోకల్ రైలు, టెర్మినల్ కిందే ఎక్కాలి. మెయిన్ స్టేషన్‌కి పావుగంట. ఎయిర్‌పోర్టు సిటీ జోన్ (110) బయట ఉంది, కాబట్టి సిటీ టికెట్ చెల్లదు. మెషీన్‌లో గానీ యాప్‌లో గానీ "ఫ్లుగ్‌హాఫెన్" (ఎయిర్‌పోర్టు) నుంచి అని ఎంచుకుంటే సరైన ధర అదే చూపిస్తుంది.

ట్రామ్ టికెట్ ఎక్కడ కొనాలి? జరిమానా పడుతుందని భయపెడుతున్నారు.

భయపడాల్సిందే. టికెట్ లేకుండా దొరికితే 60 యూరోలు. గేట్లు, టర్న్‌స్టైల్స్ ఏవీ ఉండవు కాబట్టి ఎవరూ అడగరనిపిస్తుంది, కానీ మామూలు బట్టల్లో ఉన్న తనిఖీదారులు మధ్య స్టాపులో ఎక్కుతారు. ఎక్కువగా దొరికేది టికెట్ ఎగ్గొట్టినవాళ్లు కాదు, కొని ముద్ర కొట్టించనివాళ్లు. మెషీన్ నుంచి తీసిన కాగితం టికెట్ మీద తేదీ, సమయం లేకపోతే అది ఇంకా మొదలు కానట్టే. ట్రామ్‌లోనో ప్లాట్‌ఫారం మీదో ఉన్న చిన్న పెట్టెలో దాని కొస దూర్చితే "టక్" మని ముద్ర పడుతుంది. ఈ తలనొప్పి వద్దనుకుంటే "లైప్‌జిగ్ మూవ్" యాప్‌లో కొనండి. ఎక్కాక కాదు, ఎక్కే ముందు కొనాలి.

నాలుగు స్టాపుల లోపైతే "కుర్త్స్‌ష్ట్రెకె" అనే పొట్టి టికెట్ చాలు. రోజుకి మూడుసార్లకు పైగా తిరిగేవాళ్లకు రోజు టికెట్ మేలు. నెలలో ఎక్కువ రోజులు ఉండేవాళ్లు డాయిచ్‌లాండ్ టికెట్ చూడొచ్చు. 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు, దేశమంతా లోకల్ రైళ్లు, బస్సులు, ట్రామ్‌లు దాంట్లోనే. కానీ అది చందా. రద్దు చేయకపోతే వచ్చే నెలా డబ్బు కోస్తారు, ఆ నెలాఖరుకి ఆగాలంటే 10వ తేదీలోపే రద్దు చేయాలి. ఐసీఈలకు అది పనికిరాదు.

కొన్ని సదస్సుల బ్యాడ్జే ట్రామ్ టికెట్‌గా చెల్లుతుంది. అలా అయితే బ్యాడ్జి మీదో రిజిస్ట్రేషన్ మెయిల్‌లోనో స్పష్టంగా రాసి ఉంటుంది. రాసి లేకపోతే చెల్లదు.

వేదికకి వెళ్లడం కష్టమా?

వెళ్లడం తేలికే, తప్పు చోటికి వెళ్లడం ఇంకా తేలిక. మూడు చోట్లున్నాయి, పేర్లు కలగాపులగం.

మొదటిది ఊరికి ఉత్తరాన కొత్త మెసె, అంటే ట్రేడ్ ఫెయిర్ మైదానం. 1996లో తెరిచారు, 240 మీటర్ల పొడవైన గాజు హాలు దాని గుర్తు. కాంగ్రెస్ సెంటర్ లైప్‌జిగ్ ఉన్నది ఇక్కడే. మెయిన్ స్టేషన్ ముందు 16వ నంబరు ట్రామ్ ఎక్కితే సుమారు ఇరవై నిమిషాల్లో చివరి స్టాపు "మెసెగెలెండె". ఎస్-బాన్‌లో అయితే "లైప్‌జిగ్ మెసె" స్టేషన్ ఏడెనిమిది నిమిషాలే, కానీ దిగాక పది నిమిషాల నడక. వానలో ట్రామే నయం.

రెండోది "కాంగ్రెస్‌హాలె ఆమ్ త్సో", అంటే జూ పక్కనున్న పాత కాంగ్రెస్ హాలు, 1900 నాటి భవనం. మెయిన్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. కాంగ్రెస్ సెంటర్, కాంగ్రెస్ హాల్ ఒకటే అనుకుని టాక్సీ ఎక్కినవాళ్లు ఊరి అవతల తేలతారు.

మూడోది ఆగ్నేయాన "ఆల్టె మెసె", పాత సంత మైదానం. దాని పక్కనే డాయిచర్ ప్లాట్స్ అనే కూడలి, అక్కడే మాక్స్ ప్లాంక్ మానవ పరిణామ పరిశోధన సంస్థ, జాతీయ గ్రంథాలయం ఉన్నాయి. బయాలజీ, భాషాశాస్త్ర వర్క్‌షాపులు ఈ చుట్టుపక్కల జరుగుతుంటాయి. ఇక్కడికీ 16వ నంబరు ట్రామే, కాకపోతే ఎదురు దిక్కున, "లోస్‌నిగ్" వైపు. అందుకే నంబరు చూసి ఎక్కొద్దు, ముందు అద్దం మీద రాసిన చివరి స్టాపు పేరు చూసి ఎక్కండి.

ట్రామ్ ఆగింది కానీ తలుపు తెరుచుకోలేదు, ఎందుకు?

బటన్ నొక్కాలి. లోపలా బయటా ఉంటుంది.

హోటల్ ఎక్కడ తీసుకోవాలి?

మెయిన్ స్టేషన్ చుట్టూ పది నిమిషాల నడక దూరంలో. మూడు వేదికలకూ ట్రామ్‌లు అక్కడి నుంచే, రాత్రి ఆలస్యమైనా ఇబ్బంది ఉండదు. మెసె దగ్గర హోటళ్లు చవకగా దొరకొచ్చు, కానీ సాయంత్రం ఏడు తర్వాత అక్కడ తిండికి దిక్కుండదు. మార్చిలో పుస్తక ప్రదర్శన, జూన్‌లో పాతకాలపు జర్మన్ సంగీతకర్త బాఖ్ పేరిట సంగీతోత్సవం, పెంతెకొస్తు అనే క్రైస్తవ పండుగ వారాంతంలో నల్లబట్టల వాళ్ల గోతిక్ ఉత్సవం. ఈ రోజుల్లో గదులు ఖాళీ ఉండవు, ఉన్నా ధర మండిపోతుంది. సదస్సు తేదీ వీటితో కలిస్తే నిర్వాహకులు ముందే పట్టి ఉంచిన గదుల కోటా గడువు దాటనివ్వకండి.

చెక్-ఇన్‌లో విదేశీయులు ఒక ఫారం నింపి సంతకం పెట్టాలి. గది అద్దె మీద సిటీ పన్ను విడిగా పడొచ్చు. గదిలో రైస్ కుక్కర్ పెట్టొద్దు, సీలింగ్‌కి ఉన్న పొగ అలారం ఆవిరికి కూడా మోగగలదు. ఫైరింజన్ ఊరికే వస్తే బిల్లు గది మీద పడొచ్చు.

మన ప్లగ్గులు పనిచేస్తాయా?

కరెంటు మనలాంటిదే: 230 వోల్టులు, 50 హెర్ట్జ్. సన్నని రెండు పిన్నుల ఫోన్ చార్జర్లు నేరుగా దూరతాయి. మూడు పిన్నుల లాప్‌టాప్ ప్లగ్గు దూరదు. చిక్కంతా అడాప్టర్ ఆకారంలో ఉంది. జర్మన్ సాకెట్ గోడలోకి గుండ్రంగా, గిన్నెలా దిగి ఉంటుంది. మన షాపుల్లో దొరికే చదరపు యూనివర్సల్ అడాప్టర్ ఆ గిన్నె అంచుకు తట్టి ఆగిపోతుంది, పిన్నులు లోపలికి అందవు. అందినా ఎర్త్ కలవదు, లాప్‌టాప్ ఇనుప ఒంటి మీద చెయ్యి పెడితే జిలజిలలాడుతుంది. గుండ్రని తల, పక్కల రెండు ఇత్తడి పట్టీలు ఉన్న "షూకో" అడాప్టర్ అడిగి కొనండి. దాంతో పాటు మన ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి తీసుకెళ్తే ఒక్క అడాప్టర్‌తో అన్నీ నడుస్తాయి.

కార్డులు చాలా, క్యాష్ కావాలా?

రెండూ. వీసా, మాస్టర్‌కార్డ్ హోటళ్లు, సూపర్‌మార్కెట్లలో చెల్లుతాయి. చిన్న బేకరీల్లో, కొన్ని తినుబండారాల కొట్లలో "నూర్ ఈసీ" (ఈసీ కార్డు మాత్రమే) అని రాసి ఉంటుంది. అది జర్మన్ బ్యాంకుల సొంత కార్డు, మనది అక్కడ పని చేయదు. రోజుకి 30, 40 యూరోల చొప్పున నోట్లు, ఒకటి రెండు యూరోల నాణేలు జేబులో ఉండాలి. స్టేషన్ టాయిలెట్‌కీ లాకర్‌కీ నాణేలు కావాల్సి రావొచ్చు. యూపీఐ మీద ఆధారపడొద్దు.

రిజర్వ్ బ్యాంకు నిబంధనల వల్ల మన కార్డుల్లో విదేశీ వాడకం మామూలుగా ఆపేసి ఉంటుంది. బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో "ఇంటర్నేషనల్" కింద ఏటీఎం, స్వైప్, ట్యాప్ మూడూ విడివిడిగా ఆన్ చేయండి. చాలామంది ఒకటే ఆన్ చేసి, అక్కడ ట్యాప్ పనిచేయట్లేదని తికమకపడతారు. డబ్బు తీసేటప్పుడు ష్పార్‌కాసె, ఫోక్స్‌బాంక్ లాంటి బ్యాంకుల ఏటీఎంలు వాడండి. "రూపాయల్లో లెక్క కట్టమంటారా?" అని తెర అడిగితే వద్దని, యూరోల్లోనే అని నొక్కండి. రూపాయల మారకం రేటు వాళ్లిష్టం.

ఫోన్, ఓటీపీ సంగతి?

జర్మన్ ప్రీపెయిడ్ సిమ్‌కి పాస్‌పోర్ట్ గుర్తింపు తప్పనిసరి, అది పూర్తయ్యేసరికి సగం సదస్సు అయిపోవచ్చు. వారం పనికి ఇండియాలోనే ఈ-సిమ్ కొని పెట్టుకోండి. మన సిమ్ తీసేయొద్దు, డేటా ఆపేసి రోమింగ్ ఉంచితే ఓటీపీ మెసేజ్‌లు అందుతాయి. యూనివర్సిటీ వాళ్లు ఎడ్యురోమ్ (యూనివర్సిటీల ఉమ్మడి వైఫై) ఇక్కడే సెట్ చేసుకుని వెళ్లాలి, అక్కడికెళ్లి చేద్దామంటే మొదట ఇంటర్నెట్ కావాలి కదా.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది, కాకపోతే అడిగే తీరు తెలియాలి. "వెగెటారిష్" అంటే గుడ్డు, పాలు ఉంటాయి, "వెగాన్" అంటే రెండూ ఉండవు. గుడ్డు కూడా తిననివాళ్లు వెగాన్ అడగడమే సులువు. బంగాళాదుంప వేపుడులో "ష్పెక్" ముక్కలు తరచూ కలుపుతారు, అది పంది కొవ్వు మాంసం. సూపు కూరగాయలదే అయినా కాచిన నీళ్లు మాంసానివి కావొచ్చు, "బ్రూయె" ఏదని అడగండి. ఈ ఊరి పేరు మోసిన "లైప్‌జిగర్ ఆలర్లై" చూడటానికి కూరగాయల వంటకమే, పాత పద్ధతిలో వండితే అందులో మంచినీటి రొయ్యల్లాంటి క్రేఫిష్ వేస్తారు. "లైప్‌జిగర్ లెర్హె" అనేది మాత్రం పేరుకి భరతపక్షి. ఒకప్పుడు నిజంగానే పిట్టలతో చేసేవారు, 1876లో ఆ వేట నిషేధించాక బాదం ముద్దతో చేసే చిన్న కేకు అయింది. గుడ్డు తినేవాళ్లు నిశ్చింతగా తినొచ్చు.

ఫలాఫెల్, హుమ్ముస్ లాంటివి స్టేషన్ తూర్పున ఐసెన్‌బాన్‌ష్ట్రాసె వెంట అరబ్ కొట్లలో కడుపునిండా దొరుకుతాయి. ఊరి దక్షిణాన "కార్లి" అని పిలిచే కార్ల్ లీబ్‌క్నెష్ట్ వీధిలో రాత్రి పొద్దుపోయేదాకా సందడి.

నీళ్లడిగితే గ్యాసు నీళ్లు వస్తాయి. "ష్టిల్" అనండి. కుళాయి నీళ్లు తాగొచ్చు. డబ్బాలు, ప్లాస్టిక్ సీసాల మీద 25 సెంట్ల డిపాజిట్ ధరలో కలిపి ఉంటుంది, సూపర్‌మార్కెట్ లోపలి మెషీన్‌లో ఖాళీ సీసా వేస్తే చీటీ వస్తుంది, అది కౌంటర్‌లో ఇస్తే డబ్బు. సీసా నలిపేస్తే మెషీన్ తీసుకోదు.

ఆదివారం దిగుతున్నాం, ఏమైనా ఇబ్బందా?

ఆదివారం కొట్లు మూత. సూపర్‌మార్కెట్లు, బట్టల షాపులు అన్నీ. మెయిన్ స్టేషన్ లోపలి మూడంతస్తుల షాపుల్లో తిండి సరుకులవి కొన్ని తెరిచి ఉంటాయి, టూత్‌పేస్టు నుంచి బ్రెడ్డు దాకా అక్కడే. అక్టోబర్ 31 కూడా ఇక్కడ సెలవు. జర్మనీలో మరెక్కడా లేని సెలవు ఒకటి సాక్సనీకి ఉంది: నవంబర్ 23కి ముందొచ్చే బుధవారం, "బూస్ ఉంట్ బేటాగ్". నవంబర్ సదస్సులకు వచ్చేవాళ్లు బుధవారం షాపింగ్ పెట్టుకుని తలుపుల ముందు నిలబడతారు.

సమయం చెబితే అర్థం కావట్లేదు. "హాల్ప్ ద్రై" అంటే మూడున్నరా?

కాదు, రెండున్నర. మూడో గంటలో సగం గడిచిందని లెక్క. ఈ ప్రాంతంలో ఇంకో అడుగు ముందుకేసి "ఫియర్టల్ ద్రై" అంటారు, అంటే మూడో గంటలో పావు వంతు, రెండుంపావు. "ద్రైఫియర్టల్ ద్రై" అంటే ముప్పావు వంతు, పావుతక్కువ మూడు. పశ్చిమ జర్మనీ వాళ్లే దీనికి తడబడతారు. అనుమానం వస్తే "14:45" అని కాగితం మీద రాయించుకోండి.

యూనివర్సిటీ ప్రోగ్రాంలో 10 పక్కన "సి.టి." అని ఉంటే పదింపావుకి మొదలు, "ఎస్.టి." అంటే సరిగ్గా పదికి. ఇవేవీ లేని సదస్సుల్లో పది అంటే పదే.

మనకీ వాళ్లకీ వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటల తేడా. మార్చి, అక్టోబర్ చివరి ఆదివారాల్లో గడియారం మారుతుంది. ఇంటి నుంచి జూమ్‌లో కలిసే సహ రచయితకు ఈ మాట ముందే చెప్పండి.

పోస్టర్ ఇక్కడే ప్రింట్ చేయించుకెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, కొలత చూసుకుని. అడిగేది చాలావరకు నిలువు ఏ-జీరో: 84.1 × 118.9 సెం.మీ. మన ఫ్లెక్సీ షాపుల్లో "త్రీ బై ఫోర్" అంటే అడుగుల్లో, అది 91.4 × 121.9 సెం.మీ. ఏడు సెంటీమీటర్లు వెడల్పు ఎక్కువై పక్కవాళ్ల బోర్డు మీదికి పోతుంది, అక్కడ కత్తెర పెట్టాల్సి వస్తుంది. సెంటీమీటర్లలోనే చెప్పండి. బట్ట మీద ప్రింట్ చేయిస్తే మడిచి చేతి సంచిలో పెట్టుకోవచ్చు, గొట్టం మోసే బాధ తప్పుతుంది. పీడీఎఫ్ ఫైలు పెన్‌డ్రైవ్‌లోనూ ఉంచండి. బోర్డుకి పిన్నులా టేపా అన్నది ముందే అడగండి, కొన్ని బోర్డులకు పిన్ను దిగదు.

ప్రసంగం అయ్యాక చప్పట్లకు బదులు అందరూ బల్లల మీద పిడికిలితో కొడితే కంగారు పడకండి. యూనివర్సిటీల్లో మెచ్చుకోలు అలాగే తెలుపుతారు.

ఒంట్లో బాగోకపోతే?

ప్రాణాపాయమైతే 112. అంత కాదు కానీ రాత్రికి డాక్టర్ కావాలంటే 116117. పోలీసులు 110. పారాసెటమాల్ సూపర్‌మార్కెట్‌లో ఉండదు. ఎర్రటి పెద్ద అక్షరం ఉన్న "ఆపోటేకె"లోనే, చీటీ లేకుండా 500 మి.గ్రా. మాత్రలు ఒక్క 20 పెట్టె దాకా. యాంటీబయాటిక్స్ చీటీ లేకుండా ఇవ్వరు. బీపీ, షుగర్ మందులు రోజుల లెక్కకి ఇంకో వారం కలిపి, జెనరిక్ పేర్లున్న ప్రిస్క్రిప్షన్‌తో చేతి సంచిలో పెట్టుకోండి.

పాస్‌పోర్ట్ పోతే?

ముందు పోలీసు రిపోర్టు, తర్వాత బెర్లిన్‌లోని భారత రాయబార కార్యాలయం. మొదటి పేజీ, వీసా స్టిక్కర్ ఫొటోలు మెయిల్‌లో ఉంటే పని సగం తగ్గుతుంది.

ఒక పూట ఖాళీ ఉంది, ఏం చూడాలి?

శుక్రవారం సాయంత్రం ఆరు, శనివారం మధ్యాహ్నం మూడు అయితే థోమస్ చర్చి. 1723 నుంచి 1750లో చనిపోయేదాకా బాఖ్ ఇక్కడే పనిచేశాడు, సమాధి కూడా లోపలే. 1212లో మొదలైన బాలుర గాయక బృందం స్కూలు సెలవులు, ఊరి బయటి కచేరీలు లేనప్పుడు ఈ వేళల్లోనే పాడుతుంది. ప్రవేశానికి కొద్దిపాటి రుసుము, ముప్పావుగంట ముందు వెళ్తే కూర్చోవడానికి చోటు ఉంటుంది. అక్కడి నుంచి పది నిమిషాల నడకలో నికొలాయ్ చర్చి. 1989లో సోమవారం ప్రార్థనల నుంచి మొదలైన ప్రదర్శనల్లో అక్టోబర్ 9న 70 వేలమంది దాకా వీధుల్లోకి వచ్చారు, నెల తిరిగేసరికి బెర్లిన్ గోడ తెరుచుకుంది. రెండు గంటలకు మించి ఉంటే 91 మీటర్ల యుద్ధ స్మారకం "ఫోల్కర్‌ష్లాఖ్ట్‌డెంక్‌మాల్" ఎక్కండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు పై అంచు దాకా వద్దు, చివరి మెట్లు ఇరుకు.

కొన్న వస్తువుల మీద పన్ను వాపసు వస్తుందా?

ఒకే బిల్లులో 50 యూరోలు దాటితే, షాపువాళ్లు ఆ సదుపాయం ఇస్తుంటే వస్తుంది. కొనేటప్పుడే పాస్‌పోర్ట్ చూపి "టాక్స్ ఫ్రీ" ఫారం అడగాలి. ముద్ర వేసేది యూరోపియన్ యూనియన్ దాటే చివరి ఎయిర్‌పోర్టులో, అంటే మీకు ఫ్రాంక్‌ఫర్ట్. వస్తువు పెద్ద పెట్టెలో ఉంటే, ఆ పెట్టె లోపలికి పోకముందే కస్టమ్స్‌కి చూపాలి. చెక్-ఇన్ కౌంటర్‌లో "టాక్స్ ఫ్రీ సామాను ఉంది" అని చెబితే ట్యాగ్ వేసి పెట్టె మళ్లీ మీ చేతికే ఇస్తారు. ఈ పనికి గంట, పాస్‌పోర్ట్ క్యూకి ఇంకో గంట కలుపుకుని లైప్‌జిగ్‌లో రైలు ఎంచుకోండి. మధ్యాహ్నం విమానమైతే తెల్లవారు రైలే, లేదా ముందురాత్రి ఫ్రాంక్‌ఫర్ట్‌లో బస.